మా ఆయన నడుముకు ఊపిరి వైద్యం

నాకు సవతి లేదన్న మాటే గానీ, ఆ లోటు మా ఆయన నడుము తీర్చింది. పొద్దున లేస్తే దానికి వేణ్ణీళ్ళ కాపడం, సాయంత్రం దానికి నూనె మర్దన, కూర్చుంటే దాని వెనక మెత్తటి దిండు, పడుకుంటే దాని కింద గట్టి పరుపు. ఎవరింట్లో పెళ్ళికి పిలుపొచ్చినా ముందు దాన్ని అడగాలి. అది సరేనంటే బయలుదేరతాం, కాదంటే పట్టుచీర మళ్ళీ బీరువాలోకి పోతుంది. మధ్యలో నా మోకాళ్ళు కూడా కలుక్కుమంటూనే ఉంటాయి, కానీ వాటి మంచిచెడ్డలు అడిగే నాథుడు లేడు.

మేముండేది సూరత్‌లో, బమ్రోలిలో. ఇంటికి అటూ ఇటూ మరమగ్గాల షెడ్లు. మా ఆయన కరీంనగర్ వైపు నుంచి మీసం రాని వయసులో వచ్చి మగ్గం దగ్గర నిలబడ్డాడు. తర్వాత మాస్టరయ్యాడు. మాస్టరంటే పంతులనుకునేరు, ఆ పని నాది. మగ్గం ఎక్కడ మొరాయించినా వెళ్ళి సరిచేసేవాడిని ఇక్కడ మాస్టరంటారు. నేను ఇంట్లోనే తెలుగు పిల్లలకు ట్యూషన్ చెబుతాను. ఒక వాక్యం తెలుగులో మొదలుపెట్టి, హిందీలో నడిపించి, గుజరాతీలో దించే పిల్లలు. వాళ్ళ చేత ఒత్తులు పలికించడానికి నేను అరిచే అరుపులు పక్క షెడ్డు చప్పుడు దాటి వీధి చివరి దాకా వినిపిస్తాయని ప్రతీతి.

ఆ నడుం నొప్పి లాక్‌డౌన్ నాటిది. ఊరంతా మగ్గాలు ఆగిపోయాయి. చుట్టుపక్కల గదుల్లో ఉండే మనవాళ్ళు దొరికిన బండి పట్టుకుని వెళ్ళిపోయారు. కొడుకు హజీరాలో కంపెనీ క్వార్టర్లలో చిక్కుకుపోయాడు. నాకు జ్వరం తగిలి కదలలేకపోవడంతో మేమిద్దరం ఆగిపోయాం. తర్వాత నా జ్వరం తగ్గింది, మగ్గాలు మళ్ళీ మొదలయ్యాయి, అందరూ తిరిగొచ్చారు. ఈయన నడుము మాత్రం పట్టేసి ఉండిపోయింది. ఏ డాక్టరు అడిగినా ఒకటే జవాబు చెప్పేవాడు, పని లేక గోడకు ఆనుకుని కింద కూర్చున్నానని, అప్పుడే పట్టేసిందని.

స్కానింగ్ తీయించాం. ఎముకల డాక్టరు చూసి, వయసుకు తగ్గ అరుగుదలే తప్ప కోయాల్సిందీ కుట్టాల్సిందీ ఏమీ లేదన్నాడు. మంచి మాటే కదా, కానీ మా ఆయనకు అది అవమానంగా తోచింది. ఇంత నొప్పికి కారణం లేదంటాడేమిటని వారం రోజులు ముఖం మాడ్చుకున్నాడు. ఇంటికి ఎవరొచ్చినా పెళ్ళి ఆల్బమ్ చూపించినట్టు ఆ ఫిల్ము తీసి, కిటికీ వెలుగుకు పెట్టి చూపించేవాడు. వాళ్ళు కూడా ఏదో అర్థమైనట్టు అయ్యో అనేవాళ్ళు.

వంగడం పూర్తిగా మానేశాడు. తాళంచెవి కింద పడితే కాలి వేళ్ళతో పట్టి, మోకాలి దాకా ఎత్తి, అక్కడ చేత్తో అందుకునేవాడు. ఆ విద్యలో ఆయన్ని మించినవాడు సూరత్‌లో ఉండడు. కానీ వంగకుండా మగ్గం పని సాగదు. మొదట పూటకు తగ్గించాడు, పోయినేడు పూర్తిగా మానేశాడు.

ఇదంతా నేను భరించాను. భరించలేనిది ఈ ఏడాది వానలు మొదలయ్యాక వచ్చింది. దీపావళికి షెడ్లన్నీ మూసేస్తారు, అందరూ ఊళ్ళకు వెళ్తారు, మళ్ళీ వస్తారు. ఈసారి వెళ్తే అక్కడే ఉండిపోదామన్నాడు మా ఆయన.

"ఈ నడుముతోని ఇక్కడ ఏం చేస్తనే? ఊర్లె నలుగురుంటరు. ఇక్కడ ఎవరున్నరు మనకు?" అన్నాడు.

నలుగురూ కలిసి నీ నడుము పిసుకుతారా అని అడిగాను. నవ్వలేదు. అంటే నిజంగానే అంటున్నాడని తెలిసి నాకు గుండెల్లో రాయి పడింది. ఊళ్ళో నేనెవరిని? చిన్న కోడలిని. జుట్టు సగం నెరిసినా, ఇద్దరు తోటికోడళ్ళ వెనక నిలబడి, వాళ్ళు చెప్పిన కూర తరిగే చిన్న కోడలిని. ఇక్కడ నేను టీచర్ని. కూరగాయలామెతో గుజరాతీలో పోట్లాడి కొసరు కొత్తిమీర రాబట్టగలిగిన మనిషిని. ఈ వయసులో మళ్ళీ కొంగు భుజం చుట్టూ కప్పుకుని మూల నిలబడడం నా వల్ల కాదు.

అందుకని బేరం పెట్టాను. ఆఖరుగా ఒక్క వైద్యం చూద్దాం, నడుము దారికొస్తే ఇక్కడే ఉందాం, రాకపోతే నువ్వన్నట్టే ఊరికి పోదామని. నడుము దారికి రాదన్న ధీమాతో ఆయన వెంటనే ఒప్పుకున్నాడు.

ఆ వైద్యం సంగతి మా కొడుకు ఫోన్లో చెప్పాడు. తాపీ నది అవతల ఒక డాక్టరమ్మ ఉందట, మందులూ సూదులూ కాకుండా మనసునీ ఒంటినీ కలిపి నొప్పి తగ్గిస్తుందట. మనసు అన్న మాట వినగానే మా ఆయన ఫోన్ నా చేతిలో పెట్టేశాడు. నాకేమన్నా పిచ్చా అని అడిగాడు. ఉంటే ఈపాటికి నేను కనిపెట్టేదాన్ని కదా అన్నాను.

డాక్టరమ్మ గుజరాతీ పిల్ల, మా కొడుకు ఈడుది. అన్ని కాగితాలూ చూసింది, ముందుకు వంచి, పక్కకు తిప్పి పరీక్ష చేసింది. తర్వాత పెన్ను పక్కన పెట్టి కబుర్లలో పడింది. నొప్పి ఎప్పుడు మొదలైంది, అప్పుడు ఇంట్లో ఎవరెవరున్నారు, ఏ పూట ఎక్కువ, ఏ పూట తక్కువ. మా ఆయన గోడకు ఆనుకున్న కథ చెప్పాడు. ఆమె హిందీలో నెమ్మదిగా వివరించింది. మీ నొప్పి అబద్ధం కాదు, ఊహ కాదు, నిజంగానే నొప్పి. కానీ ఒంట్లో తగిలిన దెబ్బ ఎప్పుడో మానింది. మెదడు మాత్రం ఇంకా భయపడుతూ కాపలా కాస్తోంది, వంగబోతే చాలు కేక వేస్తోంది. ఆ భయం తగ్గితే కేక తగ్గుతుంది.

ఇంటి దగ్గర ఆటో దిగాక, మగ్గాల్లో కూడా కొన్ని దారం తెగకపోయినా ఊరికే ఆగిపోతుంటాయని గొణిగాడు. వైద్యం ఆయనకు నచ్చిందని అప్పుడు తెలిసింది. నచ్చిందని ఒప్పుకోవడానికి ఇంకో నెల పడుతుందని కూడా తెలుసు.

మర్నాటి నుంచి క్లాసులు. చల్లటి గదిలో చాపలు పరిచి రోగులను పడుకోబెట్టేవారు. ఇంటివాళ్ళం గోడ పక్కన కుర్చీల్లో. వజ్రాలకు సాన పట్టే ఒకాయన, చీరల దుకాణంలో రోజంతా నిలబడే ఒకాయన, మా ఆయన. కళ్ళు మూసుకోండి, ఊపిరి లోపలికి పోవడం వినండి, బయటికి రావడం వినండి అనేది డాక్టరమ్మ. గదిలో చీమ చిటుక్కుమన్నా వినపడేంత నిశ్శబ్దం. కాసేపటికి చీరలాయన ముఖం వదులైంది. వజ్రాలాయన గురక కూడా పెట్టాడు. మా ఆయన మాత్రం చెక్క మొద్దులా బిగుసుకుపోయాడు. పిడికిళ్ళు బిగిశాయి, నుదుట చెమట పట్టింది, ఉన్నట్టుండి లేచి కూర్చుని పట్టేసిందన్నాడు. నిశ్చింతగా పడుకోవడంలో కూడా ఫెయిలైన మనిషిని నేను చూడడం అదే మొదటిసారి.

డాక్టరమ్మ కంగారు పడలేదు. రోజూ మధ్యాహ్నం ఇంట్లో, షెడ్ల చప్పుడు రాకుండా తలుపులూ కిటికీలూ మూసి చేయమంది. నా వైపు తిరిగి, ఆ కాసేపు మీరు మాట్లాడకూడదు ఆంటీ అని నవ్వుతూ చెప్పింది. ఎంత గడుసుదో చూడండి, ఒక్క గంటలో నన్ను పసిగట్టేసింది. నేను నోరు మూసుకుంటే మా ఆయనకు పండగలా ఉంటుందనుకున్నాను. పెళ్ళయినప్పటి నుంచీ ఊకో ఊకో అని బతిమాలుతున్న మనిషి కదా. కానీ నేను ఎంత బుద్ధిగా మౌనం పాటిస్తే నొప్పి అంత పెరిగింది. నాలుక కొరుక్కుని కూర్చున్న నా త్యాగానికి విలువే లేకుండా పోయింది.

నొప్పి ఎప్పుడు వస్తోందో గమనించమని డాక్టరమ్మ ఆయనకు చెప్పింది. ఆయన దేన్నీ గమనించే రకం కాదు కాబట్టి ఆ పని నేనే తీసుకున్నాను. గమనించగా గమనించగా ఒకటి తేలింది. షెడ్లకు సెలవున్న రోజు నొప్పి ఎక్కువ. కరెంటు పోయి మగ్గాలు ఆగితే ఎక్కువ. గుర్తు చేసుకుంటే, పోయినసారి ఊరికి వెళ్ళినప్పుడు, ఆ పొలాల మధ్య ఇంట్లో, ఇంకా ఎక్కువ. అటూ ఇటూ మగ్గాలు దడదడలాడుతుంటే మాత్రం మనిషి కాస్త తేటగా ఉంటాడు.

ఇంకేముంది, రోగం నాకు దొరికిపోయింది. మగ్గం మనిషికి చప్పుడు ఆగిందంటే పనిలో తేడా వచ్చిందనే అర్థం. ఎక్కడో పోగు తెగింది, పరుగెత్తాలి. జన్మంతా అలా పరుగెత్తినవాడిని నిశ్శబ్దంలో పడుకోబెట్టి ఒళ్ళు వదులు చేయమంటే ఎలా చేస్తాడు? ఒళ్ళంతా చెవులు చేసుకుని, ఏ మగ్గం ఆగిందోనని వెతుకుతూ ఉంటాడు.

మర్నాడే ఆయన పనిచేసిన షెడ్డుకు వెళ్ళి, ఫోన్లో మగ్గాల చప్పుడు రికార్డు చేసుకొచ్చాను. జనం భజన పాటలు రికార్డు చేసుకుంటారు గానీ ఇదేం విడ్డూరమని అక్కడి వాళ్ళు నవ్వారు. మధ్యాహ్నం ఆయన్ని చాప మీద పడుకోబెట్టి, తల దగ్గర ఫోన్ పెట్టి మగ్గాలు నడిపించాను. నమ్మండి, పిడికిళ్ళు విప్పుకున్నాయి. నాలుగు రోజులు గడిచేసరికి వంగి చెప్పు చేత్తో తీసుకున్నాడు. నేను చప్పట్లు కొట్టేదాన్నే, నడుము ఉలిక్కిపడుతుందని ఆగాను.

డాక్టరమ్మ మెచ్చుకుంది. నేను మాత్రం ఊరుకుంటానా? వీధిలో ప్రతి ఇంటికీ చెప్పాను. ఎవరికి నడుము పట్టేసినా నా దగ్గరకే రమ్మన్నాను. ఊళ్ళో మగ్గాల చప్పుడు లేదు, అక్కడికి పోతే నీ నడుము మళ్ళీ మొదటికొస్తుంది, కాబట్టి మనం సూరత్‌లోనే ఉండాలి అని మా ఆయనకు తీర్పు కూడా చెప్పేశాను.

షెడ్లకు సెలవు రోజు వచ్చింది. వీధి చప్పుడు లేకుండా ఉంది, ట్యూషన్ కూడా లేదు. భోజనాలయ్యాక ఆయన్ని చాప మీద పడుకోబెట్టి ఫోన్లో మగ్గాలు పెట్టాను. కాసేపు నడుము వాల్చుదామని నేనూ గోడ పక్కన పడుకున్నాను. మగ్గాల చప్పుడు నాకూ అలవాటేగా, నిద్ర పట్టేసింది.

చప్పుడు ఆగడంతో మెలకువ వచ్చింది. చూస్తే మా ఆయన చాప మీద లేడు. ఎదురు గోడకు ఆనుకుని కూర్చున్నాడు, వెన్ను బిర్రబిగుసుకుని, ఒక చేయి నడుము మీద. ఫోన్ ఒళ్ళో ఉంది, ఆయనే ఆపేశాడు. కళ్ళు ఆర్పకుండా నన్నే చూస్తున్నాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత కష్టపడి వైద్యం కనిపెడితే, కాస్త కన్ను మూసేసరికి అంతా చెడగొట్టాడని.

"ఎందుకు బంద్ చేసినవయ్యా?" అన్నాను.

"ఈ లొల్లిల నీ ఊపిరి ఇనబడ్తలేదు" అన్నాడు.

కూరలో ఉప్పు తక్కువైందన్నట్టు అన్నాడు ఆ మాట. నాకు వెంటనే అర్థం కాలేదు. నా ఊపిరి నీకెందుకని అడిగాను. నేల వైపు చూస్తూ, మెల్లగా, ఆగి ఆగి చెప్పాడు.

నాకు జ్వరం వచ్చిన ఆ లాక్‌డౌన్ రోజుల్లో నేను పడుకున్నది కూడా ఇదే గోడ పక్కనట. నాకు స్పృహ ఉండేది కాదు. ఆస్పత్రికి తీసుకెళ్తే మళ్ళీ చూడనిస్తారో లేదో తెలియని రోజులు. ఆయన ఎదురు గోడకు ఆనుకుని కూర్చుని నా ఊపిరి వింటూ ఉండేవాడట. మగ్గాలు లేవు, మనుషులు లేరు, వీధిలో ఎంత నిశ్శబ్దమంటే ఒక్కొక్క ఊపిరీ వినబడేదట. అది సన్నగిల్లితే ముందుకు వంగి చెవి పెట్టేవాడట. వినిపిస్తే మళ్ళీ గోడకు ఆనుకునేవాడట. పని లేక కూర్చున్నానని డాక్టర్లందరికీ చెప్పిన కూర్చోవడం అది.

"నీకేమన్న అయితె మొయ్యనీకి గల్లీల నలుగురు గూడ లేకుండె. ఒక్కన్నే ఎత్తాలె. ఎత్తగల్తనా అని కూసున్నకాడ్నే నడుము బిగవట్టి సూసుకున్న. గప్పుడు పట్టింది" అన్నాడు.

ఆ రోజుల గురించి నాకు గుర్తున్నది ఒక్కటే, ఈయన కాచి పోసిన గంజిలో ఉప్పు ఎక్కువ వేశాడని. నేను ఆ జ్వరాన్ని ఎప్పుడో మర్చిపోయాను. ఈ మనిషి మాత్రం నన్ను ఒంటరిగా ఎత్తుకోవడానికి ఇన్నేళ్ళుగా నడుము బిగించుకునే కూర్చున్నాడు. ఊపిరి వినమని డాక్టరమ్మ చెప్పినప్పుడు ఆయన విన్నది తనది కాదు. ఊళ్ళో నలుగురుంటారన్నది నడుము కోసం కాదు, నా కోసం. అక్కడే కూర్చుని ఏడ్చేశాను. ఆయనకు నన్ను ఓదార్చడం చేతకాదు, మంచినీళ్ళు తెచ్చి పక్కన పెట్టాడు. గ్లాసు కింద పెట్టడానికి వంగాడన్న సంగతి ఇద్దరమూ గమనించలేదు.

తర్వాతి క్లాసుకు వెళ్ళినప్పుడు డాక్టరమ్మకు ఆయనే చెప్పాడు, తనకొచ్చిన హిందీలో, సిగ్గు పడుతూ. ఆ పిల్ల అంది, నొప్పి వచ్చినప్పుడు దాన్ని తిట్టవద్దు, ఆ రోజులు అయిపోయాయని, ఆంటీ ఇక్కడే ఉందని ఒంటికి చెప్పండి అని. కొంచెం కొంచెంగా బరువులెత్తడం నేర్పింది. మొదట దిండు, తర్వాత సంచి, తర్వాత సగం నీళ్ళ బకెట్టు. ఎత్తిన ప్రతిసారీ ఏమీ కాలేదు కదా అని అడిగేది. పాపం, ఏమీ కాలేదని ఒప్పుకోవడం మా ఆయనకు బరువులెత్తడం కన్నా కష్టమైంది. నన్ను మౌనంగా ఉండమన్న నియమం కూడా తీసేసింది. నేను మాట్లాడుతుంటే నొప్పి తెలియడం లేదని ఆయన ఆమెతో చెప్పాడట. నాతో ఎప్పుడైనా అన్నాడా ఆ మాట? గుజరాతీ పిల్ల చెబితే తెలిసింది నాకు.

నొప్పి మాయమైపోలేదు. కొన్ని రోజులు వస్తుంది. వచ్చినా ముందులా ఇల్లంతా ఏలదు. పూట పనికి షెడ్డుకు వెళ్తున్నాడు, వంగి పోగులు అతుకుతున్నాడు.

నేను మాత్రం బేరం సంగతి మళ్ళీ ఎత్తలేదు. గెలిచానని చెప్పుకోవడానికి నోరు రాలేదు. దీపావళి దగ్గరపడుతుండగా ఒక సాయంత్రం నేనే అన్నాను, మన ఊరికే పోదామయ్యా, నలుగురి మధ్యన ఉంటే నీకు ధైర్యంగా ఉంటుందంటే అక్కడే ఉండిపోదాం అని. తోటికోడళ్ళ ముఖాలు కళ్ళ ముందు మెదిలాయి, అయినా అన్నాను. మనస్ఫూర్తిగానే అన్నాను. ఆయన విని, చొక్కా వేసుకుని బయటికి వెళ్ళాడు.

టికెట్లతో తిరిగొచ్చి నా చేతిలో పెట్టాడు. చూస్తే పోవడానికీ ఉన్నాయి, రావడానికీ ఉన్నాయి. ఊళ్ళో ఉండిపోదామనుకున్నాం కదా, తిరుగు టికెట్లెందుకని అడిగాను.

"ఊర్లె అందరు ఒక్కసారే మాట్లాడుతరు. అండ్ల నీ గొంతు ఏడ ఇనబడ్తది?" అని చెప్పులు విడిచి లోపలికి వెళ్ళిపోయాడు.

నేను వంటింట్లోకి వెళ్ళి కాసేపు ఏడ్చాను. తర్వాత ముఖం కడుక్కుని వచ్చి, కింది బెర్తులు ఎందుకు అడగలేదని ఆయనతో గొడవ పెట్టుకున్నాను.